ఎత్తు రోడ్లకు ఏ సైకిల్? పళ్ళ లెక్కలో ఉన్న జవాబు

భీమవరంలోనో తెనాలిలోనో సైకిల్ కొనేవారికి ఎదురుకాని ప్రశ్న ఒకటి విశాఖపట్నంలో కొనేవారికి మొదటి రోజే ఎదురవుతుంది. ఉత్తరాన కైలాస కొండల వరుసకూ దక్షిణాన యారాడ కొండల వరుసకూ మధ్య పరుచుకున్న ఊరు కావడంతో, ఇక్కడ ఏ వైపు బయలుదేరినా కాసేపటికి మిట్ట తగులుతుంది. చదునుగా ఉంటుందనుకునే బీచ్ రోడ్డు కూడా తెన్నేటి పార్కు దగ్గర, కైలాసగిరి పాదాన్ని చుట్టి వెళ్ళేచోట, ఎక్కి దిగుతుంది. ఉత్సాహంగా కొన్న సైకిళ్ళు నాలుగు ఆదివారాలు తిరిగి, ఆ తరువాత అపార్ట్‌మెంటు సెల్లారులో దుమ్ము పట్టి ఉండటానికి యజమాని బద్ధకాన్నో వయసునో కారణంగా చెప్పుకోవడం మామూలే. కానీ చాలా సందర్భాల్లో తప్పు మనిషిది కాదు. ఆ సైకిల్ ఆ రోడ్డుకు సరిపోయే లెక్కతో తయారు కాలేదు, కొనేటప్పుడు ఆ లెక్క ఎవరూ అడగలేదు. హైదరాబాద్‌లో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు ఉండేవారి సంగతీ ఇంతే.

లెక్క పెద్దది కాదు. వంద మీటర్ల దూరం వెళ్ళేసరికి రోడ్డు ఆరు మీటర్లు పైకి లేస్తే దాన్ని 6 శాతం వాలు అంటారు. 70 కిలోల మనిషి, 16 కిలోల సైకిల్, నాలుగు కిలోల సంచీ కలిపి 90 కిలోలు అనుకుంటే, ఆ వాలు మీద గురుత్వాకర్షణ వెనక్కి లాగే బలం సుమారు 53 న్యూటన్లు, టైర్ల రాపిడి మరో ఏడు, వెరసి 60 న్యూటన్లు. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి ఆయాసపడకుండా అరగంట సేపు ఇవ్వగలిగిన శక్తి సుమారు 120 వాట్లు. 120ని 60తో భాగిస్తే సెకనుకు రెండు మీటర్లు, అంటే గంటకు ఏడు కిలోమీటర్ల పైచిలుకు వేగం వస్తుంది. ఆ మిట్ట మీద ఆ మనిషి శరీరం భరించగలిగిన వేగం అంతే, ఎంత ఖరీదైన సైకిల్ ఇచ్చినా అది పెద్దగా పెరగదు. ఇక కాళ్ళకు సుఖంగా ఉండే తొక్కుడు వేగం నిమిషానికి సుమారు 60 చుట్లు, అంటే సెకనుకు ఒకటి. సెకనుకు రెండు మీటర్లు వెళ్ళాలి, సెకనుకు ఒక చుట్టు తొక్కాలి అంటే, పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగినప్పుడు సైకిల్ కదలవలసిన దూరం రెండు మీటర్లు. ఎత్తు రోడ్లకు సైకిల్ ఎంచుకోవడంలో అసలు కొలత ఇదే.

ఇప్పుడు మనకు తరతరాలుగా తెలిసిన పెద్ద సైకిల్‌ను, అంటే పాలక్యాన్లు తగిలించుకుని తిరిగిన 28 అంగుళాల చక్రాల సైకిల్‌ను, ఈ కొలతతో చూడవచ్చు. దాని ముందు చైన్‌వీల్‌కు సాధారణంగా 44 పళ్ళు, వెనుక ఫ్రీవీల్‌కు 18 పళ్ళు ఉంటాయి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది, సైకిల్ ఐదున్నర మీటర్లకు కొద్దిగా తక్కువ దూరం ముందుకు పోతుంది. చదును నేల మీద ఇది చక్కని ఏర్పాటు. గంటకు ఇరవై కిలోమీటర్ల దాకా హాయిగా లాగుతుంది. ఆరు శాతం మిట్ట మీద మాత్రం అదే మనిషి అదే శక్తితో నిమిషానికి కేవలం 22 చుట్లు తొక్కగలడు, ప్రతి చుట్టులోనూ పెడల్ మీద సగటున 31 కిలోల బరువు మోపవలసి వస్తుంది. పెడల్ చుట్టులో బలం అంతటా సమానంగా పడదు కాబట్టి, తొక్కు దిగే క్షణంలో దాదాపు ఒంటి బరువంతా దాని మీద వేయాలి. సీటు మీద నుంచి లేచి, హ్యాండిల్ పట్టుకుని, ఎడమకూ కుడికీ ఊగుతూ తొక్కడం అనే దృశ్యం ఇందువల్లే పుడుతుంది. పెడల్ చుట్టుకు రెండు మీటర్ల లోపు కదిలే సైకిల్ మీద ఆ 31 కిలోలు పదకొండుకు తగ్గుతాయి. మోకాళ్ళు అడిగేది ఆ తేడానే.

గేర్లు ఉన్న సైకిల్ సోమరులకే అనే భావన మనదే కాదు. సైకిల్ పందాలకు పుట్టినిల్లు అయిన ఫ్రాన్స్‌లో కూడా టూర్ ద ఫ్రాన్స్ పోటీలో గేర్లు మార్చే డిరైలర్‌ను 1937 దాకా అనుమతించలేదు. అంతకు ముందు పోటీదారులు పర్వతం మొదట్లో దిగి, వెనుక చక్రాన్ని ఊడదీసి, రెండోవైపున్న ఎక్కువ పళ్ళ చక్రం పనిచేసేలా తిప్పి బిగించుకునేవారు. అంతటి వస్తాదులకే ఎక్కువ పళ్ళు కావలసి వచ్చినప్పుడు, ఆఫీసుకో కూరగాయలకో వెళ్ళేవారికి గేరు వద్దనడంలో అర్థం లేదు.

దుకాణంలో చూడవలసింది ముందు వైపు అన్నింటికంటే చిన్న పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళు, వెనుక అన్నింటికంటే పెద్ద పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళు అన్న రెండే రెండు అంకెలు. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే వచ్చేది ఒకటి కంటే తక్కువగా ఉంటే ఆ సైకిల్ మిట్ట ఎక్కుతుంది. ఒకటిన్నర దాటితే మన చేత తోయించుకుని ఎక్కుతుంది. ముందు మూడు, వెనుక ఏడు చక్రాలతో వచ్చే సాధారణ 21 గేర్ల సైకిళ్ళలో ముందు 42, 34, 24 పళ్ళు, వెనుక 14 నుంచి 28 పళ్ళు ఉండటం మామూలు. 24ను 28తో భాగిస్తే 0.86. ఇరవై ఏడున్నర అంగుళాల చక్రంతో ఇది చుట్టుకు సుమారు 1.9 మీటర్లు. విచిత్రమేమిటంటే, సైకిల్ ప్రియులు చిన్నచూపు చూసే ఈ చవక గేర్లే, అంటే షిమనో టూర్నీ తరహావి, ఎత్తు రోడ్ల మీద ఎంతో ఖరీదైన రేసింగ్ సైకిల్ కంటే దయగా ఉంటాయి. రేసింగ్ సైకిల్‌లో ముందు చిన్న చక్రానికి 34 పళ్ళు, వెనుక పెద్దదానికి 28 పళ్ళు ఉంటే చుట్టుకు రెండున్నర మీటర్లు పోతుంది. బలమైన కాళ్ళకు అది చాలు, కొత్తగా మొదలుపెట్టినవారికి చాలదు.

పళ్ళు లెక్కపెట్టే ఓపిక లేనివారు దుకాణపు నేలనే కొలబద్దగా వాడుకోవచ్చు. ఇప్పుడు చాలా షోరూముల్లో వేసేవి రెండడుగుల పలకలు, ఒక్కోటి 60 సెంటీమీటర్లు. సైకిల్‌ను అన్నింటికంటే తేలిక గేరులో పెట్టించి, ఒక పెడల్‌ను నిలువుగా కిందికి ఉంచి, సైకిల్‌ను నెమ్మదిగా వెనక్కి నడిపించాలి. ముందుకు నెడితే ఫ్రీవీల్ టకటకమంటూ తిరుగుతుందే తప్ప పెడళ్ళు కదలవు. వెనక్కి నడిపితే పెడళ్ళు కూడా వెనక్కి తిరుగుతాయి. ఆ పెడల్ ఒక చుట్టు తిరిగి మళ్ళీ కిందికి వచ్చేసరికి సైకిల్ ఎన్ని పలకలు దాటిందో చూస్తే చాలు. పెద్ద సైకిల్ తొమ్మిది పలకలు దాటుతుంది. పైన చెప్పిన 21 గేర్ల సైకిల్ మూడు పలకలు దాటి నాలుగోదాని మొదట్లో ఆగుతుంది. ఐదు పలకలు దాటే సైకిల్‌ను, దాని మీద ఎన్ని గేర్లని రాసి ఉన్నా, కొండ ఊరికి తీసుకుపోవడం దండగ.

గేర్ల సంఖ్య మోసం చేసేది ఇక్కడే. ముందు ఒకే ఒక్క 42 పళ్ళ చక్రం, వెనుక 14 నుంచి 28 దాకా ఏడు చక్రాలు ఉంటే దాన్ని ఏడు గేర్ల సైకిల్ అనే అమ్ముతారు, అబద్ధమేమీ లేదు; కానీ దాని తేలిక గేరు కూడా చుట్టుకు మూడు మీటర్ల పైనే పోతుంది. లావు టైర్లు, ముందు షాకప్స్, డిస్క్ బ్రేకులు అన్నీ ఉండి గేర్లు మాత్రం లేని సైకిళ్ళు మరీ ప్రమాదం. పేరులో మౌంటెన్ ఉన్నా వాటి పళ్ళ లెక్క పాత పెద్ద సైకిల్‌కు దగ్గరగానే ఉంటుంది, పైగా దానికంటే బరువు, టైరు రాపిడి ఎక్కువ. పిల్లలు ఆ రూపానికే మురిసిపోతారు, తండ్రులు పెడల్ మీద నిలబడి తొక్కే కొడుకును చూసి బలం వస్తుందిలే అనుకుంటారు.

చక్రం పరిమాణం కూడా ఇదే లెక్కలో భాగం. అవే గేర్లు 26 అంగుళాల చక్రంతో ఉన్నదానికంటే 29 అంగుళాల చక్రంతో తొక్కడానికి పదిశాతానికి పైగా బరువుగా ఉంటాయి, ఎందుకంటే ఒక్కో చుట్టుకు పెద్ద చక్రం ఎక్కువ దూరం దొర్లుతుంది. గుంతల మీద పెద్ద చక్రం మెత్తగా దాటుతుందన్నది నిజమే అయినా, ఐదడుగుల రెండు మూడు అంగుళాల ఎత్తున్నవారికి ఎత్తు రోడ్ల మీద 26 గానీ, ఇరవై ఏడున్నర గానీ మేలు. ఇప్పటికే సైకిల్ ఉండి మిట్ట దగ్గర ఆగిపోతున్నవారు కొత్తది కొనే ముందు వెనుక ఫ్రీవీల్ ఒక్కటే మార్పించి చూడవచ్చు. 14 నుంచి 28 పళ్ళది తీసి 14 నుంచి 34 పళ్ళది వేస్తే తేలిక గేరు మరో ఆరో వంతు తేలికవుతుంది. కొత్త సైకిల్ ధరలో ఇదొక చిన్న భాగం. అయితే వెనుక డిరైలర్ 34 పళ్ళను అందుకోగలిగినదో కాదో మెకానిక్‌తో ముందే చూపించుకోవాలి, చైను కూడా కొద్దిగా పొడవు కావలసి రావచ్చు.

వాలు గురించి ఒక భ్రమ ఉంది. ఘాట్ రోడ్డు అనగానే కొత్తవారు హడలిపోతారు గానీ, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కొండ ప్రాంతాల రోడ్లకు మామూలుగా పాటించవలసిన వాలు 5 నుంచి 6 శాతం, అసాధారణ పరిస్థితుల్లో కూడా 7, 8 శాతం. ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే దారి భయపెట్టేది నిడివితోనే. ఏ ప్రమాణమూ పట్టించుకోకుండా కొండవాలు మీద ఇళ్ళు కట్టుకుంటూ వేసుకున్న కాలనీ సందులు 10, 12 శాతానికి పోవడం అరుదు కాదు. పది శాతం మిట్ట మీద పైన చెప్పిన మనిషి వేగం గంటకు నాలుగున్నర కిలోమీటర్లకు, అంటే నడక వేగానికి, పడిపోతుంది. అలాంటి సందు చివర ఇల్లున్నవారు ఆ చివరి వంద మీటర్లు సైకిల్ దిగి నడిపించుకుని పోవడంలో నామోషీ ఏమీ లేదు.

బరువు విషయంలో దుకాణదారులూ సైకిల్ ప్రియులూ ఇద్దరూ అతిగానే మాట్లాడతారు. మిట్ట మీద లెక్కకు వచ్చేది సైకిల్, మనిషి, సంచీ మొత్తం బరువు. 16 కిలోల సైకిల్ బదులు 13 కిలోలది కొంటే 90లో మూడు తగ్గుతాయి. అరగంట పట్టే ఎక్కుడులో ఆదా అయ్యేది ఒక్క నిమిషం. ఆ మూడు కిలోలు తగ్గించడానికి కొన్నిసార్లు రెట్టింపు ధర పెట్టవలసి వస్తుంది. అయితే బరువు తగ్గుతూనే ధర కూడా తగ్గే చోటు ఒకటుంది, అది ముందు షాకప్స్. చవక సైకిళ్ళకు వేసే స్ప్రింగు ఫోర్కు దాదాపు రెండున్నర కిలోలు తూగుతుంది, మామూలు ఇనుప ఫోర్కు అందులో సగం. పైగా ఎక్కేటప్పుడు లేచి తొక్కితే ఆ స్ప్రింగు ప్రతి తొక్కుకూ కుంగి లేస్తూ, ముందుకు పోవలసిన బలంలో కొంత మింగేస్తుంది. తారు రోడ్డు మీద తిరిగేవారికి షాకప్స్ లేని హైబ్రిడ్ సైకిల్, అంటే రేసింగ్ సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్యరకం, కాస్త లావు టైర్లతో, సుఖంగానూ తేలికగానూ ఉంటుంది.

ఎక్కిన ప్రతి మీటరూ మళ్ళీ దిగాలి కనుక బ్రేకుల దగ్గర పొదుపు పనికిరాదు. 90 కిలోల బరువు వంద మీటర్ల ఎత్తు నుంచి దిగినప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 88 కిలోజౌళ్ళు. గాలి కొంత మోసినా, నెమ్మదిగా బ్రేకు పట్టుకుంటూ దిగితే మిగిలిందంతా వేడిగా మారేది బ్రేకుల దగ్గరే. 300 మిల్లీలీటర్ల నీళ్ళను మరిగే దాకా తేవడానికి సరిపోయే వేడి అది. వెయ్యి మీటర్లు దిగితే మూడు లీటర్లు. పాత సైకిళ్ళ ఇనుప రిమ్ములు వానలో తడిస్తే బ్రేకు రబ్బర్లు జారిపోతాయి, ఆగవలసిన చోటికి ఎంతో దూరం వెళ్ళాక ఆగుతాయి. ఎత్తు పల్లాల ఊళ్ళో ఇనుప రిమ్ము సైకిల్‌ను మొదటే పక్కన పెట్టేయవచ్చు. అల్యూమినియం రిమ్ముతో వచ్చే, రిమ్మును రెండు వైపులా రబ్బర్లతో నొక్కే వి-బ్రేకులు చవక, బలమైనవి, ఏ మెకానిక్ అయినా సరిచేస్తాడు. తీగతో పనిచేసే డిస్క్ బ్రేకులు వానలో వాటికంటే నమ్మకమైనవి, కానీ మరీ చవకవాటిలో ప్యాడు అరిగిన కొద్దీ చేత్తో సరిచేసుకుంటూ ఉండాలి, అది మరచిపోయినవారికి ఒకరోజు పల్లంలో లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా పోతుంది. ఏ రకమైనా పరీక్ష ఒకటే: మన దేశంలో సాధారణంగా కుడిచేతి వైపు ఉండే ముందు బ్రేకును రెండు వేళ్ళతో గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకు నెడితే, వెనుక చక్రం నేల నుంచి లేవాలి. లేవకపోతే ఆ బ్రేకు పల్లానికి చాలదు. దిగేటప్పుడు మాత్రం ఒకే బ్రేకును విడవకుండా పట్టుకోకుండా, రెండింటినీ మార్చి మార్చి పట్టి వదులుతూ ఉంటే రిమ్ములకు చల్లబడే వ్యవధి దొరుకుతుంది.

సుఖం అనగానే అందరి చేయీ సీటు మీదికే వెళుతుంది, బొటనవేలితో నొక్కి మెత్తదనం చూస్తారు. బొటనవేలికి నచ్చిన సీటు అరగంట తరువాత తొడలకు నచ్చదు; మరీ వెడల్పాటి మెత్తని సీటు తొక్కేకొద్దీ తొడలను ఒరుసుకుంటుంది. సీటు ఎత్తే అంతకంటే ముఖ్యం. మడమను పెడల్ మీద పెట్టి, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఆగినప్పుడు రెండు కాళ్ళూ నేలకు ఆనాలని సీటును బాగా కిందికి దించుకునేవారే మోకాళ్ళ నొప్పి అంటూ సైకిల్ మానేసేవారిలో ఎక్కువ. ఇక్కడ దుకాణాల్లో చక్రం అంగుళాలే చెబుతారు తప్ప ఫ్రేము కొలత చెప్పరు, కనుక ఫ్రేము పైకడ్డీకి చెరో వైపు కాలు వేసి నేల మీద నిలబడి చూసుకోవాలి. పైకడ్డీకీ కాళ్ళ మధ్యకూ రెండంగుళాల ఖాళీ లేని సైకిల్ ఎంత నచ్చినా పెద్దదే. టైర్ల సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు: తారు రోడ్డుకు ముళ్ళ బొడిపెల టైరు వద్దు, గీతలు తక్కువున్న టైరును దాని పక్క గోడ మీద రాసిన హద్దులో గట్టిగా గాలి కొట్టి వాడాలి.

ధరల విషయానికి వస్తే, 21 గేర్లు, అల్యూమినియం రిమ్ములు, నమ్మదగిన బ్రేకులు ఉన్న సైకిల్ సుమారు పది నుంచి పదిహేను వేల రూపాయల మధ్య దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడంతో ఈ శ్రేణిలో కొంత వెసులుబాటు వచ్చింది. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు బిగింపు ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. పెట్టెలోంచి తీసి హ్యాండిల్, పెడళ్ళు బిగించినంత మాత్రాన గేర్లు సరిగా పడవు, చక్రాల బెండు తీయించాలి, తీగలు సాగాక నెలలోపు మరోసారి సరిచేయించాలి. ఎత్తు రోడ్డు మీద గేరు మార్చేది బలం పెట్టి తొక్కుతున్నప్పుడు కాదు, మిట్ట మొదలవకముందే. ఆలస్యంగా లివర్ నొక్కితే చవక డిరైలర్ కరకరమని చైనును చక్రం పుల్లల (స్పోకుల) మధ్యకు తోసేస్తుంది.

బ్యాటరీ సైకిల్ ఈ లెక్కలన్నీ అనవసరం చేస్తుందనుకోవడం సహజం. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నవాటికి మన దేశంలో రిజిస్ట్రేషన్ అక్కరలేదు, మనిషి ఇచ్చే 120 వాట్లకు అంతకు రెట్టింపు తోడైతే ఆరు శాతం మిట్ట ఆటలా అనిపిస్తుంది. కానీ చవక రకాల్లో మోటారు వెనుక చక్రం నడిమధ్యన, హబ్‌లో ఉంటుంది, దానికి సైకిల్ గేర్లతో సంబంధం ఉండదు. నిటారు సందులో చక్రం నెమ్మదించిన కొద్దీ అది వేడెక్కుతుంది, బలం తగ్గుతుంది. బ్యాటరీ అయిపోతే ఇరవై కిలోలకు పైబడిన బండిని కాళ్ళతో లాగాలి. అందుకే బ్యాటరీ సైకిల్‌కు కూడా పలకల పరీక్ష పెట్టాలి, దానికే ఇంకా గట్టిగా పెట్టాలి.

పాతది కొనదలచినవారికి విశాఖలో అదనంగా చూడవలసింది ఉప్పుగాలి. రంగు మెరుస్తూ ఉన్నా, పుల్లలు రిమ్ములో దిగేచోట, డిరైలర్ స్ప్రింగు దగ్గర, సీటు గొట్టం ఫ్రేములోకి దిగే చోట తుప్పు దాక్కుంటుంది. సీటు గొట్టం బిగుసుకుపోయి పైకి రాని సైకిల్‌ను, ఎత్తు మార్చుకోవడం కుదరదు కనుక, ఉచితంగా ఇచ్చినా ఆలోచించాలి. చైను అరుగుదలకు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యభాగం మీద స్కేలు సున్నా పెట్టి చైనును లాగి పట్టుకుంటే, కొత్త చైనులో సరిగ్గా పన్నెండు అంగుళాల దగ్గర మరో పిన్ను మధ్యభాగం వస్తుంది. ఆ పిన్ను అంగుళంలో ఎనిమిదో వంతు అవతలికి జరిగి ఉంటే చైనుతో పాటు ఫ్రీవీల్ కూడా మార్పించవలసి ఉంటుందని అనుకుని, ఆ రెండింటి ఖరీదును బేరంలో తగ్గించి అడగాలి. ఎలాగూ మార్పించేదే కనుక, అప్పుడే 34 పళ్ళది వేయించుకోవచ్చు.